హేరోదు వేషం, సైడ్ డ్రమ్ము, లెక్కల మార్కులు

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు, నేను మిషను కుడతాను. మాకు ఒక్కడే కొడుకు. ఆరో తరగతి నుంచి నల్లగొండలో ఫాదర్లు నడిపే మగపిల్లల బడిలో, హాస్టల్‌లో ఉంచి చదివిస్తున్నం. ఇప్పుడు ఎనిమిది. మొదటేడు ఇంటికొస్తనని ఒకటే ఏడుపు. ఇప్పుడేమో సెలవులకు వచ్చినా బడి ఎప్పుడు తెరుస్తరని అడుగుతున్నడు. ఫుట్‌బాల్ టీములో తీసుకున్నరు. స్కూలు బ్యాండులో సైడ్ డ్రమ్ము కొడతడు. ఈసారి క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం ఇచ్చిన్రంట. అన్నీ సంతోషమే గానీ లెక్కల మార్కులు పడిపోయినయి. పోయినేడు ఎనభై దాటేవి, ఇప్పుడు యాభై దగ్గర ఆగినయి. హైదరాబాదులో ఉండే మా మరిది, "ఆటలు పాటలని పిలగాన్ని ఖరాబు చేస్తున్నరు. సంక్రాంతికి తీసుకొచ్చి ఇక్కడ ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్లో వేద్దాం. అక్కడ గ్రౌండే ఉండదు, చదువుకోక ఏం చేస్తడు" అంటున్నడు. మా అత్తమ్మకు ఇంకో భయం. నాటకమని చర్చికి తీసుకపోయి మతంలో కలుపుకుంటరని. మా ఆయన ఏదీ తేల్చడు. పిలగాడు మాత్రం అక్కడి నుంచి తీస్తే అన్నం తిననంటున్నడు. ఏం చేయమంటరు?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, సంక్రాంతికి తీసుకురాకండి. పదో తరగతి అయ్యేదాకా అక్కడే ఉండనివ్వండి. అలాగని లెక్కల సంగతి వదిలేయమని కాదు. మంచి పేరున్న బడి కదా అని నిశ్చింతగా కూర్చోమనీ కాదు. మీరు చేయాల్సిన పని కొంత ఉంది. అది చెప్పేముందు మీ అత్తమ్మగారి భయం సంగతి చూద్దాం, అన్నిట్లోకీ అదే తేలిక.

రాజ్యాంగంలో 30వ అధికరణం మైనారిటీలకు సొంతంగా బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు చదువుకునే పిల్లలకు కూడా ఒక రక్షణ ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గానీ, ప్రభుత్వ డబ్బు అందుకునే బడిలో గానీ ఏ పిల్లవాణ్ణీ మతబోధకు కూర్చోమని, పూజకు రమ్మని బలవంతపెట్టకూడదు. పిల్లవాడు మైనరైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అంటే ఆ మాట చెప్పాల్సింది మీరే. అందుకే ఈ బడుల్లో మామూలుగా కతోలిక పిల్లలు సత్యోపదేశం (వాళ్ల మతబోధ) క్లాసుకు పోతే, మిగతావాళ్లు మోరల్ సైన్స్ క్లాసులో కూర్చుంటారు. ఆదివారం పూజ వేళకు హాస్టల్ పిల్లలందర్నీ వరుస కట్టించి తీసుకుపోతున్నారా, లేక మిగతావాళ్లను స్టడీ హాల్లో ఉంచుతున్నారా అని ప్రిన్సిపల్ ఫాదర్‌ని నేరుగా అడగండి. మొహమాటం అక్కర్లేదు. ఈ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు, హాస్టల్లో ఎక్కువమంది పిల్లలు హిందువుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే అయిన బడులు మన దగ్గర బోలెడు.

ఇక వేషమంటారా, మీవాడికి పడ్డది హేరోదు. పుట్టిన బిడ్డ రాజవుతాడన్న భయంతో బెత్లెహేములో పసిపిల్లలను చంపించిన వాడు. ఆ వేషం కట్టి ఆ రాజు మతంలో కలిసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు! మీ అత్తమ్మగారికి ఇంకో మాట గుర్తుచేయండి. మన ఊళ్లల్లో పీర్లు లేస్తే డప్పు కొట్టేదెవరు? అలాయ్ చుట్టూ తిరిగి ఆడేదెవరు? పీరు కింద నుంచి పసిబిడ్డలను దాటించేదెవరు? తెల్లారి ఎవరి గుడికి వాళ్లు పోతున్నాం కదా. వీలైతే నాటకం రోజు ఆమెను తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టండి. మనవడు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద నుంచి కేకలు వేస్తుంటే ఏ నాయనమ్మ అయినా మతం సంగతి మరిచిపోతుంది.

ఇప్పుడు మీ మరిది మాట. 'ఆటలు పాటలతో ఖరాబు చేస్తున్నరు' అన్నాడు చూశారా, అక్కడే ఆయనకూ నాకూ చుక్కెదురు. ఆయన లెక్కలో బడి అంటే తరగతి గది, గ్రౌండూ స్టేజీ దాని చుట్టూ కట్టిన తోరణాలు. ఈ ఫాదర్ల బడులు పుట్టింది ఆ లెక్కతో కాదు. కతోలిక గురువుల్లో జెస్యూట్ అనే సభవాళ్లు 1599లో తమ కళాశాలలన్నిటికీ కలిపి ఒక విద్యా ప్రణాళిక రాసుకున్నారు. పిల్లలు వేసే నాటకాలకు అందులో నియమాలున్నాయి. నాటకం లాటిన్‌లోనే ఉండాలని, కథ భక్తి కథై ఉండాలని, ఆడ పాత్ర గానీ ఆడ వేషం గానీ ఉండకూడదని కూడా రాశారు. ఆ చివరి నియమం మన దాకా రాలేదు లెండి. మన మగపిల్లల బడుల్లో మరియమ్మ వేషం ఏటా ఎవడో ఒక ఏడో తరగతి పిల్లవాడికి పడాల్సిందే, నెల రోజులు తోటివాళ్లు వాణ్ణి ఆటపట్టించాల్సిందే. మన వీధి భాగవతాల్లో సత్యభామ కట్టిందీ మీసాలు తీసిన మగాళ్లేగా. సంగతేమిటంటే, నలుగురి ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడటం చదువులో భాగమేనని వాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే రాసి పెట్టుకున్నారు.

ఆట సంగతికి వస్తే డాన్ బాస్కోను చెప్పుకోవాలి. 1815లో ఇటలీలో ఒక పల్లెటూరి రైతు ఇంట పుట్టాడు. చిన్నప్పుడు సంతలో గారడీవాళ్లను చూసి తాడు మీద నడవటం, బంతులు ఎగరేయటం నేర్చుకుని, వాటితోనే ఊరి పిల్లలను పోగేసేవాడు. కతోలిక గురువయ్యాక ట్యూరిన్ పట్నంలో వీధుల పాలైన మగపిల్లలను చేరదీశాడు. ఆ పిల్లలకు ఆయన ఇచ్చినవాటిలో ఆడుకునే చోటు ఒకటి, బ్యాండు మేళం ఒకటి. సంగీతం లేని బడి ప్రాణం లేని ఒళ్లని ఆయన అనేవాడని ఆయన సభకు చెందిన సలేషియన్ ఫాదర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లవాడు తప్పు చేశాక దండించడం కాదు, తప్పు చేసే తీరిక దొరక్కుండా పెద్దవాళ్లు వాళ్ల మధ్యే ఉండాలన్నది ఆయన పద్ధతి. ఆటవేళ గురువు గదిలో కూర్చుంటే ఆయనకు నచ్చదు. అంగీ ఎగ్గట్టి పిల్లలతో కలిసి పరిగెత్తాల్సిందే.

మీవాడు చదివే బడి ఏ సభవాళ్లదో, అంటే ఏ గురువుల సంఘానిదో మీరు రాయలేదు. జెస్యూట్లదో, సలేషియన్లదో, మాంట్‌ఫోర్ట్ బ్రదర్లదో, లేక 1976లో ఏర్పడ్డ నల్లగొండ మేత్రాసనం (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) నేరుగా నడిపేదో. సభను బట్టి తీరు కొంచెం మారుతుంది గానీ సాయంత్రం గంట కొట్టగానే హాస్టల్ మొత్తం గ్రౌండులోకి రావాలన్నది అందరిదీ ఒకటే ఆచారం. హైదరాబాదులో 1855లో మొదలై, మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు నడుపుతున్న ఆల్ సెయింట్స్ బడిని చూడండి. సయ్యద్ ఆబిద్ అలీ, మహమ్మద్ అజహరుద్దీన్ ఆ బడి పిల్లలే. ఇద్దరూ దేశానికి ఆడారు. ఇద్దరూ ముస్లిం ఇళ్ల పిల్లలే అన్న సంగతి కూడా మీ అత్తమ్మగారి చెవిన వేయండి.

నేను పనిచేసింది సర్కారు బడుల్లో. జోనల్ ఆటలకు మా పిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ మిషన్ బడుల టీములు ఎదురయ్యేవి. వాళ్ల జెర్సీలకు నంబర్లు, మా వాళ్లకు బనియన్లు. వాలీబాల్‌లో, కబడ్డీలో మేమే నెగ్గేవాళ్లం. ఊరూరా కూలీ పని అయ్యాక పొద్దుగూకేదాకా వాలీబాల్ ఆడే జిల్లా కదా మనది. నన్ను ఆకట్టుకున్నది వాళ్ల గెలుపోటములు కాదు. ఓడిన మ్యాచ్ అయ్యాక రిజర్వు పిల్లలు లేచి నెట్లు, బంతులు, నీళ్ల క్యాన్లు సర్దుతుంటే ఆడిన పిల్లలూ వాళ్లతో కలిసి సర్దేవాళ్లు. ఎవరూ చెప్పేవాళ్లు కాదు. పదకొండేళ్లకు ఇల్లు వదిలి వచ్చి రాత్రుళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చిన పిల్లలే వాళ్లంతా. మీవాడు మొదటేడు ఏడ్చాడని, ఇప్పుడు సెలవుల్లో బడి గురించి అడుగుతున్నాడని రాశారు. ఆ రెంటికీ నడుమ ఏం జరిగిందో ఒక్కసారి ఆలోచించండి. లెక్కల పుస్తకం వాణ్ణి అక్కడ నిలబెట్టలేదు. టీము నిలబెట్టింది.

నాటకమూ అంతే. దేవరకొండ వైపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బజార్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పల్లెల నుంచి వచ్చిన మిగతా పిల్లల తెలుగూ పుస్తకంలో తెలుగు కాదు. అట్లాంటి పిల్లవాడు తరగతిలో లేచి జవాబు చెప్పాలంటే గొంతు పెగలదు. హేరోదు గుసగుసలాడితే కుదరదు, వెనక బెంచీ దాకా వినపడాలి. ఆ గొంతు ఒకసారి వచ్చిందంటే పోదు. రేపు ఇంటర్వ్యూలోనో, ఊళ్లో నలుగురు పెద్దమనుషుల ముందో మీవాడు నోరు విప్పితే అందులో ఈ డిసెంబరు వాటా ఉంటుంది.

అయితే ఇదంతా సంప్రదాయం సంగతి. సంప్రదాయం గోడ మీద ఫొటోల్లో ఉన్నా ఉన్నట్టే కనిపిస్తుంది, గ్రౌండులో ఉన్నా ఉన్నట్టే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది రెండోది. స్పోర్ట్స్ డే నాడో స్కూల్ డే నాడో పోతే మీకేమీ తెలియదు. ఆ రోజు ప్రతి బడీ బాగానే ఉంటుంది. రెడ్ హౌస్, బ్లూ హౌస్ జెండాలు, మార్చ్‌పాస్ట్, ముఖ్య అతిథి, పావురాలు, చేతిలో లడ్డూ. మామూలు మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు పోండి. గ్రౌండులో ఆడుతున్నదెందరు, గట్టు మీద కూర్చుని చూస్తున్నదెందరు? ఆ టీములోని పిల్లలకే బంతి ఉండి, మిగతా వాళ్లు చెప్పులు కుప్ప వేసి గోల్‌పోస్టు అనుకుంటున్నారా? లావుగా ఉన్న పిల్లవాడు, కళ్లద్దాల పిల్లవాడు, నిన్న మొన్న చేరిన ఆరో తరగతి పిల్లవాడు ఎక్కడున్నారు? వాళ్లు కూడా చెమటలు కక్కుతుంటే అది బడి. పదహారు మందికి ట్రాక్‌సూట్లు ఇచ్చి కప్పులు కొట్టుకొచ్చి అల్మారా నింపుతుంటే అది క్లబ్బు. మీరు ఫీజు కడుతున్నది క్లబ్బుకు కాదు.

పీఈటీ సారు నోరు కూడా వినండి. గట్టిగా అరవడం వేరు, బూతులు తిట్టడం, చెయ్యి చేసుకోవడం వేరు. ఓడిపోయి వచ్చినందుకు ఎండలో నిలబెట్టారనో, పెద్ద తరగతుల పిల్లలు రాత్రిపూట ఏడిపిస్తున్నారనో మీవాడు ఎప్పుడైనా అంటే ఆ మాట తేలిగ్గా తీసేయకండి. మగపిల్లల హాస్టళ్లలో 'మగాడివి కదా, ఓర్చుకో' అన్న మాట చాలా దుర్మార్గాలను కప్పేస్తుంది. ముందు ప్రిన్సిపల్ ఫాదర్‌కి చెప్పండి. కదలిక లేకపోతే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది.

స్టేజీ మీద నాకొక ఫిర్యాదు ఉంది, మీ ద్వారా ఫాదర్‌కి చేరితే సంతోషం. మన దగ్గర చాలా కాన్వెంటు స్టేజీలు ఒక ఇంగ్లీషు స్కిట్టు, ఫోనులో పాట పెట్టి వేసే నాలుగు డాన్సుల దగ్గరే ఆగిపోయాయి. 1962 నుంచి 1965 దాకా జరిగిన కతోలిక చర్చి పెద్దల రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజే లాటిన్ వదిలి తెలుగులోకి వచ్చింది. గుడిలో తబలా, డోలక్ మోగుతున్నాయి. బడి స్టేజీ మాత్రం ఇంకా తెలుగుకు సిగ్గుపడుతోంది. పాలమూరు వైపు ఊళ్లల్లో చిరుతలు (చెక్క తాళాలు) పట్టుకుని రాత్రంతా రామాయణం ఆడతారు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నారాయణపేట వైపు బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో ఇచ్చారు. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు అదే ఏడాది. పద్మశ్రీలు వచ్చాక ఫొటోలు దిగడానికి పిలుస్తాం గానీ, మన పిల్లలకు నెల రోజులు నేర్పమని ఏ బడి పిలిచింది? మీవాడు డ్రమ్ము కొడుతున్నాడుగా. డప్పు కొట్టే పిల్లలు ఆ హాస్టల్లోనే పదిమంది ఉంటారు. వాళ్ల చేతికి డప్పు ఇచ్చి బ్యాండు పక్కన నిలబెడితే స్కూల్ డే ఎట్లా ఉంటుందో!

సరే, లెక్కలు. ఎనభై నుంచి యాభైకి పడటం చిన్న సంగతి కాదు. మీ మరిది కంగారులో నిజం ఉంది, ఆయన చెప్పే మందుతోనే నాకు పేచీ.

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో మొదట రేషనల్ నంబర్లు, ఆ వెంటనే లీనియర్ ఈక్వేషన్లు ఉంటాయి. బడి తెరిచిన మొదటి నెలల్లోనే అవి అయిపోతాయి. ఏడో తరగతి దాకా అంకెలతో నెట్టుకొచ్చిన పిల్లవాడికి ఇక్కడి నుంచి అక్షరాలతో పని. ఆ రెండు పాఠాలు సరిగా పట్టుబడకపోతే పదో తరగతి దాకా వెంటాడతాయి. మార్కులు తగ్గడానికి ఫుట్‌బాలే కారణమా, పాఠమే కష్టమైందా, లేక రెండూ కలిశాయా అన్నది ముందు తెలుసుకోవాలి. దానికి మీకు ఆల్జీబ్రా రానక్కర్లేదు. వాడి లెక్కల నోటుపుస్తకం తెప్పించుకుని తేదీలు చూడండి. మ్యాచ్‌లకు, ప్రాక్టీసుకు పోయిన రోజుల పేజీలు ఖాళీగా ఉండి, తర్వాత కూడా నిండకపోతే తప్పు ఆటది కాదు, తప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పని బడిది. పేజీలన్నీ నిండి ఉండీ, పరీక్షలో తప్పులు చేస్తే వాడు బోర్డు మీదిది ఎక్కించుకుంటున్నాడు తప్ప అర్థం కావడం లేదని. అప్పుడు గ్రౌండు మాన్పించినా మార్కులు రావు.

మొదటిది అయితే ఫాదర్‌తో గట్టిగా మాట్లాడండి. 'మీ బడి పేరు కోసం వాడు ఆడుతున్నడు, పోయిన క్లాసులు మీరే చెప్పించాలి' అనడానికి మీకు హక్కుంది. హాస్టల్లో పొద్దున, రాత్రి స్టడీ అవర్లు ఎటూ ఉంటాయి. అందులో వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున లెక్కల సారు టీము పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుంటే చాలు. మీవాడొక్కడికే అడగకండి, టీముకు అడగండి. ఇవ్వడం వాళ్లకూ తేలిక, తీసుకోవడం మీవాడికీ నామోషీ కాదు. రెండోది అయితే సంక్రాంతి సెలవుల్లో, మళ్లీ ఎండాకాలం సెలవుల్లో ఊళ్లోనో దేవరకొండలోనో ఓపికగా చెప్పే మనిషిని చూసుకోండి. ట్యూషన్ సెంటరు కాదు, మనిషి. బీఎస్సీ చదివి డీఎస్సీకి తయారవుతున్న పిల్లలు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు, వాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని మీరు గమనించినట్టు లేరు. ఫుట్‌బాల్, నాటకం, బ్యాండు. పదమూడేళ్ల పిల్లవాడి నెత్తిన మూడు బరువులు. వానాకాలమంతా మ్యాచ్‌లు, నవంబరు నుంచి క్రిస్మస్ దాకా రిహార్సల్, అది అవగానే జనవరి 26 మార్చ్‌పాస్ట్ కోసం బ్యాండు ప్రాక్టీసు. ఊపిరి పీల్చుకునే నెల ఏదీ? చురుకైన పిల్లవాడు కనిపిస్తే ఈ బడుల్లో అందరూ వాణ్ణే పిలుస్తారు. పీఈటీ సారుకూ వాడే కావాలి, నాటకం వేయించే బ్రదర్‌కూ వాడే, బ్యాండు మాస్టారుకూ వాడే. పక్కనున్న పిల్లవాడు గట్టు మీద కూర్చోవడానికి కారణం కూడా అదే. కాబట్టి క్రిస్మస్ కాగానే మీవాణ్ణి కూర్చోబెట్టి, తొమ్మిదో తరగతికి మూడింట్లో రెండే ఉంచుకోమనండి. ఏది వదలాలో వాడే చెప్పాలి. మీరు చెప్పినా, ఫాదర్ చెప్పినా వాడికి అది శిక్ష అవుతుంది. మార్కులు తగ్గితే ఆట మాన్పిస్తానని మాత్రం ఎప్పుడూ బెదిరించకండి. అన్నం తిననన్న పిల్లవాడికి అంతకంటే పెద్ద బెదిరింపు చేతిలో ఉండదు. మీ ఇద్దరి మధ్యా అది ఎవరు ఎవర్ని ఓడిస్తారన్న పందెమై కూర్చుంటుంది.

ఆశ కూడా ఎంతవరకు పెట్టుకోవాలో చెబుతాను, ఎందుకంటే ఫుట్‌బాల్ అనగానే స్పోర్ట్స్ కోటా గురించి ఎవరో ఒకరు మీ చెవిలో ఊదుతారు. ఇంజనీరింగ్ అడ్మిషన్లలో క్రీడాకారుల వాటా అర శాతం. దానికి జిల్లా సర్టిఫికెట్లు సరిపోవు, రాష్ట్ర, జాతీయ స్థాయి కావాలి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో ప్రవేశాలు నాలుగో తరగతికే, ఆ వయసు దాటిపోయింది. స్కూళ్లకు సుబ్రతో కప్ అనే ఫుట్‌బాల్ పోటీ ఉంది, 1960 నుంచి నడుస్తోంది. అందులో అండర్-17 ఉంది కాబట్టి తొమ్మిది, పది తరగతుల్లో మీవాడి బడి జిల్లా నెగ్గి, రాష్ట్రం నెగ్గితే ఢిల్లీ దాకా పోవచ్చు. పోతే పండగే. పోకపోయినా నష్టపోయిందేమీ లేదు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టుకు కోచ్ అయి 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెప్పించాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయాడు. ఆ కథ మీవాడికి చెప్పండి, వాడికి నచ్చుతుంది. మీరు మాత్రం దాని మీద ఇల్లు కట్టుకోకండి. వాడు ఆడాల్సింది ఉద్యోగం కోసం కాదు.

మీ మరిదికి చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. జేఈఈ పరీక్ష ఇంటర్మీడియట్ రెండేళ్ల సిలబస్ మీద పెడతారు. దానికి కావాల్సిన కసరత్తు పదో తరగతి అయ్యాక మొదలుపెట్టి సీటు తెచ్చుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. లెక్కలంటే పడిచచ్చే పిల్లవాడికి ఎనిమిదిలోనే ఫౌండేషన్ బాగుంటే బాగుండవచ్చు, కాదనను. మీవాడు ఇప్పుడు లెక్కల్లో తడబడుతున్నాడు. తడబడుతున్న పిల్లవాణ్ణి విద్యా సంవత్సరం మధ్యలో టీసీ తీసి, ఇంటర్ పాఠాలు ముందే చెప్పే చోట, తెలిసిన ముఖం ఒక్కటీ లేని హాస్టల్లో వేస్తే యాభై కాస్తా ముప్పై అవుతుంది. ఆయన చెప్పే బడి తలుపులు పదో తరగతి తర్వాత కూడా తెరిచే ఉంటాయి. నిజం చెప్పాలంటే ఆ కాలేజీల్లో చాలావాటికి గ్రౌండన్నదే లేదు కాబట్టి, అప్పుడు మీవాడు ఎటూ రెండేళ్లు బూట్లు విప్పాల్సిందే. ఇంకో రెండేళ్ల చిల్లర, వాడికి మిగిలింది అంతే. అది కూడా ఇప్పుడే లాక్కోవడం ఎందుకు?

ఒక లోటు మాత్రం ఈ బడి తీర్చలేదు. మగపిల్లల మధ్యే పెరుగుతున్నాడు, ఇంట్లో అక్కచెల్లెళ్లూ లేరు. సెలవులకు వచ్చినప్పుడు 'హాస్టల్లో కష్టపడి వచ్చిండు' అని మంచం మీద కూర్చోబెట్టి కంచం చేతికి ఇవ్వకండి. హాస్టల్లో తన ప్లేటు తనే కడుక్కుంటాడు, బట్టలు తనే ఉతుక్కుంటాడు. ఇంట్లోనూ చేయనివ్వండి. గుండీ కుట్టుకోవడం మీ దగ్గరే నేర్చుకోవచ్చు. హేరోదు అంగీకి అంచు ఎలాగూ మీరే కుట్టాల్సి వస్తుంది, సూది వాడి చేతికే ఇవ్వండి.

చివరికి మీ ఆయన సంగతి. ఏదీ తేల్చడని రాశారు. చూడకుండా తేల్చమంటే ఏ తండ్రి అయినా తేల్చలేడు. ఆయనకు నల్లగొండ డ్యూటీ పడ్డ రోజున, బండి తిరిగి బయలుదేరేలోపు గంట దొరికితే, సాయంత్రం ఆ బడి గ్రౌండు దాకా పోయి రమ్మనండి. కొడుకును పిలవనక్కర్లేదు. గట్టు మీద నిలబడి పైన నేను చెప్పినవన్నీ చూసుకుని, వీలైతే పీఈటీ సారుతో రెండు మాటలు, లెక్కల సారుతో నాలుగు మాటలు మాట్లాడి రమ్మనండి. ఆ తర్వాత మీ మరిదికి ఫోను ఆయన్నే చేయనివ్వండి.